మేడమీద సౌరఫలకము, మింట పిడుగు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గ్రామములలో ఇండ్ల యజమానుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

రోహిణికార్తె యెండలు ముదిరిన దినములలో మధ్యాహ్నము తిరిగిన పిమ్మట పడమటి దిక్కున నల్లని మేఘమొకటి లేచినపుడు మన గ్రామములలో ఏమి జరుగునో మీకు తెలియనిది కాదు. కల్లములో ఆరబోసిన వడ్లపై పట్టాలు కప్పుటకు కొందరు, చెట్టుక్రింద కట్టిన గొడ్లను విప్పుకొని వచ్చుటకు కొందరు పరుగెత్తుదురు. తాటిచెట్టుపై నున్న గీత కార్మికుడు త్వరత్వరగా మోకు దించుకొనును. ఉరుము వినబడగానే ఇంటిలోని ముసలమ్మ అర్జునుని పేర్లు వల్లించును. తరతరములుగా పిడుగుకు మనము వెరచిన తీరు ఇది.

ఇప్పుడు ఆ భయమునకు క్రొత్త ప్రశ్న యొకటి తోడైనది. ఇంటి కప్పుపై సౌరఫలకములు, అనగా మనవారు సోలారు ప్లేట్లని పిలుచుకొను పలకలు, అమర్చుకొనుడని మేము చెప్పిన ప్రతిచోటను ఎవరో యొకరు లేచి, "అయ్యా, ఆ ప్లేట్లు పిడుగును పిలుచునా? బిగించుకొన్న పిమ్మట మా పిల్లలతో ఆ యింటిలో నిశ్చింతగా నిద్రింప గలమా?" అని అడుగుచున్నారు. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అప్పు చేసి, కూడబెట్టిన సొమ్ము వెచ్చించి తెచ్చుకొను వస్తువును గూర్చి గృహస్థు అడుగవలసిన ప్రశ్నయే. దీనికి సూటిగా సమాధానము చెప్పుటకే నేడు మీ ముందు నిలిచితిమి.

బొగ్గు సీమలో సూర్యశక్తి

మన మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీన ప్రధానముగ పూర్వపు వరంగల్లు జిల్లా ప్రాంతము నుండి ఏర్పడినవి. భూపాలపల్లి జిల్లాలో నేల క్రింద సింగరేణి బొగ్గు గలదు. చెల్పూరు వద్ద కాకతీయ తాపవిద్యుత్కేంద్రము రెండు యూనిట్లతో 1,100 మెగావాట్ల సామర్థ్యము కలిగి యున్నది. ఇట్లు నేల క్రింది బొగ్గునుండి విద్యుత్తును తీసిన సీమలోనే ఇపుడు నెత్తిమీది యెండనుండి కూడ విద్యుత్తును తీయుటకు వీలు కలిగినది.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన 'పీఎం సూర్యఘర్' పథకము దేశమున కోటి యిండ్లను లక్ష్యముగ పెట్టుకొన్నది. ఒక కిలోవాటు ఏర్పాటునకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000 రూపాయలు, మూడు కిలోవాట్లకును ఆపైనను 78,000 రూపాయలు సబ్సిడీగ నిర్ణయింపబడినది. మూడు కిలోవాట్ల ఏర్పాటు నెలకు సుమారు 300 యూనిట్ల విద్యుత్తు నీయగలదు. అయిన సబ్సిడీ పోను మిగిలిన సొమ్ము గృహస్థుడే భరింపవలెను. పలకలు ఇరువదియైదేండ్లు పనిచేయవలసినవి. అన్నియేండ్ల సొత్తును ఒక్క క్షణములో పోగొట్టుకొనరాదు గదా!

పిడుగు దేనిని వెదకును?

వేసవి చివర నేల కాగి, తేమగల గాలి వేగముగ పైకెగసి, మైళ్ల యెత్తున మేఘముగ పేరుకొనును. ఆ మేఘములోని మంచు పలుకులును వడగండ్ల వంటి మెత్తని గడ్డలును ఒకదానితో నొకటి రాచుకొని విద్యుదావేశము వేరుపడును. అది మితిమీరినపుడు గాలిని చీల్చుకొని నేలకు దిగు ప్రవాహమే పిడుగు. సాధారణమైన పిడుగులో 30,000 ఆంపియర్ల ప్రవాహముండును. అది పోవు దారిలోని గాలి సూర్యుని ఉపరితలము కంటె అనేక రెట్లు వేడెక్కును. ఆ వేడికి గాలి ఒక్కసారిగ ఉబ్బుటయే ఉరుము.

ఇట్లు దిగివచ్చు పిడుగు తనకు చేరువనున్న ఎత్తైన వస్తువును, మొనదేలినదానిని, ఒంటరిగ నిలిచినదానిని అందుకొనును. అందువలననే పొలము గట్టున ఒంటరి తాటిచెట్టు మాటిమాటికి పిడుగుపాటునకు గురియగుచున్నది. సౌరఫలకము కప్పుకు మూడు నాలుగడుగుల యెత్తున పడుకొని యుండు వస్తువు. అది పిడుగును పిలువదు. దాని చట్రమును భూమితో కలిపినంత మాత్రమునను పిడుగు దానిని వెదకికొని రాదు. మీ యిల్లు గుట్టమీద ఒంటరిగ నున్నచో, చుట్టుప్రక్కల అన్నిటికంటె ఎత్తైనదైనచో, పలకలున్నను లేకున్నను దానికి పిడుగు భయము గలదు. నలుగురి యిండ్ల నడుమ నున్నచో ఆ భయము తక్కువ.

ఇంతటితో మాట ముగిసినదని మేము చెప్పుట లేదు. పలకలు వచ్చిన తరువాత ఒక మార్పు నిజముగ జరిగినది. అంతకుముందు కప్పుమీదినుండి ఇంటిలోనికి వచ్చు తీగ లేదు, ఇపుడు కలదు. ఆ తీగ కొనయందు ఇన్వర్టరు కలదు. ఇన్వర్టరు ద్వారా ఆ తీగ ఇంటిలోని టీవీకి, ఫ్రిజ్జుకు, బోరు మోటారు స్టార్టరుకు కూడ బంధువైనది. కనుక పిడుగు వచ్చునా యనుటకంటె, వచ్చినచో ఏ దారిని పోవుననుటయే మనము అడుగవలసిన ప్రశ్న.

పిడుగుకును బియ్యమునకును ఒకే మంత్రమా?

మన పెద్దలు చెప్పు సామెత యొకటి కలదు: పిడుగుకును బియ్యమునకును ఒకే మంత్రమా యని. ఈ విషయమున ఆ సామెత అక్షరాల వర్తించును. పిడుగు నష్టము రెండు దారుల వచ్చును. ఒకదానికి వేసిన మందు రెండవదానికి పనిచేయదు.

మొదటి దారి సూటిపోటు. పిడుగు నేరుగ ఇంటిపై పడుట. దీనికి విరుగుడు 1752 ప్రాంతమున అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కనిపెట్టిన పిడుగు కడ్డీ. మన ఎలక్ట్రీషియన్లు దీనిని లైట్నింగు అరెస్టరని పిలుతురు. ఇది పిడుగును తరిమివేయునని కొందరనుకొందురు, అది పొరపాటు. పడబోవు పిడుగును తనమీదికి తీసుకొని, లావైన తీగ గుండ నేలలోనికి దించుటయే దాని పని. కాన ఆ తీగ మెలికలు లేక సూటిగ దిగవలెను. పలకల చట్రమునకు తగులరాదు. ఎంతదూరము ఎడమగ నుండవలెనో ఇంజనీరు లెక్కకట్టి చెప్పును. కడ్డీని పలకలకు ఉత్తరపు వైపున నిలిపినచో దాని నీడ పలకలపై అంతగ పడదు. ఒక కడ్డీ గొడుగువలె తన చుట్టును కొంత మేరకే కాపాడును. ఒక్క గొట్టము నిలిపిన ఊరంతకును రక్ష యని చెప్పు మాటలు నమ్మరాదు.

రెండవ దారి దొంగపోటు. పిడుగు మీ యింటిపై పడనక్కరలేదు. ప్రక్క చేనిలోని చెట్టుపై పడినను, ఊరి వెలుపలి విద్యుత్తీగపై పడినను, ఆ క్షణమున మీ తీగలలో వేల వోల్టుల పోటు పుట్టును. ఏటికి వరద వచ్చినపుడు కాలువలలోనికి నీరు ఎగదన్నినట్లు ఈ పోటు తీగల వెంట ఇంటిలోనికి చొరబడును. పిడుగు కడ్డీ దీనిని ఆపజాలదు. దీనికి సర్జి ప్రొటెక్టరను చిన్న పరికరము వేరుగ కావలెను. మామూలు సమయమున అది ఊరకుండును. పోటు రాగానే తలుపు తెరచి ఆ పోటును ఎర్తు తీగలోనికి మళ్లించును. పలకలనుండి వచ్చు తీగల వైపున ఒకటి, ఇంటి కరెంటు వైపున ఒకటి ఉండవలెను. ఒకవైపు మాత్రమే పెట్టుట ముందు తలుపునకు గడియవేసి దొడ్డి తలుపు తెరచి యుంచుట వంటిది. పలకలకును ఇన్వర్టరుకును నడుమ తీగ పది మీటర్లకు మించినచో, పలకల దగ్గర మరియొకటి ఉండుట మేలు. ఆ పరికరమును కలుపు తీగలు ఎంత పొట్టివైన అంత మంచిది. మొత్తము అర మీటరు దాటరాదు.

ఇందులో ఖర్చులేని జాగ్రత్త యొకటి కూడ కలదు. పలకలనుండి దిగు ధన, ఋణ తీగలు రెండును జంటగ, ఒకదానినొకటి అంటి రావలెను. ఒకటి తూర్పు పిట్టగోడ వెంట, రెండవది పడమటి పిట్టగోడ వెంట వచ్చినచో వాని నడుమ పెద్ద చుట్టు ఏర్పడును. చుట్టు ఎంత పెద్దదైన, ప్రక్కన పడిన పిడుగునకు అందులో పుట్టు పోటు అంత పెద్దది. కూలివాని వేగిరపాటు వలన జరుగు ఈ తప్పును ఇంటి యజమాని మేడ యెక్కి కంటితో చూచి పట్టుకొనవచ్చును.

మూత క్రింద ఏమున్నది?

కడ్డీ యైనను, సర్జి పరికరమైనను చేయునది ఒక్కటే: ప్రవాహమును నేలలోనికి పంపుట. నేల తీసుకొననిచో రెండును వ్యర్థము. కావున ఈ ప్రసంగములో మీరు మిగిలినవి మరచినను ఈ ఎర్తింగు సంగతి యొక్కటి జ్ఞాపకముంచుకొనుడు.

మేము చూచిన యొక సంగతి చెప్పెదము. ఒక గ్రామమున మహిళా సంఘమునుండి అప్పు తెచ్చి ఒక సోదరి తన స్లాబు ఇంటిపై పలకలు పెట్టించుకొన్నది. మృగశిర కార్తెలో ఒకనాటి సాయంకాలము ఆమె యింటికి ఎడముగ నున్న తాటిచెట్టుపై పిడుగు పడినది. ఇంటికి గాని పలకలకు గాని దెబ్బ తగులలేదు. అయినను ఇన్వర్టరు నల్లబడినది, టీవీ కాలినది. హామీపత్రము తీసి చూడగా, పిడుగు వలని నష్టము తమకు చెందదని అందు వ్రాసి యున్నది. సర్జి పరికరము ఉన్నదా యని చూచితిమి, ఉన్నది. ఎర్తు తీగ ఉన్నదా యని చూచితిమి. అదియు గోడవెంట చక్కగ దిగియున్నది. పెరటిలో గుంతకు మూత కూడ కలదు. మూత తీసి చూచితిమి. గుంతలో కడ్డీ లేదు. తీగ కొనను జానెడు లోతున పొడిమట్టిలో పాతి మూత పెట్టినారు. "మూత కనబడుచున్నది గనుక లోపల అంతయు ఉన్నదనుకొంటిమి" అని ఆ సోదరి అన్నది. ఆమె అప్పు కిస్తులు ఇంకను తీరలేదు. ఆ మాటకు మేమేమి బదులు చెప్పగలము?

మన సీమలో ఈ విషయమున మరింత జాగ్రత్త కావలెను. తడి నిలుచు నల్లరేగడి నేల విద్యుత్తును సులభముగ తీసుకొనును. ఎండిన చల్క నేల, రాతి మెట్ట, మొరము నేల అట్లు తీసుకొనవు. వానకాలములో సరిపోయిన గుంత మే నెలలో సరిపోకపోవచ్చును; మొదటి పిడుగులు వచ్చునది ఆ నేల ఎండియున్న దినములలోనే. కావున రాతినేలలలో కడ్డీని లోతుగ దింపవలెను, లేదా రెండు మూడు కడ్డీలు ఎడమెడముగ పాతి కలుపవలెను. గుంతలో తేమను నిలుపు బెంటొనైటు వంటి మట్టిని నింపుట కలదు. పూర్వము బొగ్గు, ఉప్పు పోసెడివారు. ఉప్పు కాలక్రమమున కడ్డీని తినివేయును గనుక అట్టి గుంతలను మరింత తరచుగ చూచుకొనవలెను. వేసవిలో గుంతకు నీరు పోయుట ఏ ఇల్లాలికైనను సాధ్యమైన పని.

పిడుగు కడ్డీకి ఒకటి, పలకల వైపునకు ఒకటి, ఇంటి కరెంటు వైపునకు ఒకటి, ఇట్లు మూడు గుంతలు త్రవ్వుట వాడుక. మూడును వేరువేరుగ వదలివేయవలెనని కొందరు పనివారు చెప్పుదురు. అది సరికాదు. గుంతలు వేరైనను నేలలో లావైన పట్టీతో వానిని ఒకదానితో నొకటి కలుపవలెను. కలుపనిచో పిడుగు పడిన క్షణమున ఒక గుంత వేల వోల్టులకు లేచి, రెండవది లేవకుండును. ఆ తేడా మీ ఇన్వర్టరు గుండ ప్రవహించి సమమగును. నేల నిరోధము అయిదు ఓముల లోపల నుండవలెనని ఈ ఏర్పాట్లకు పెట్టుకొను నియమము. ఇది కంటితో చూచి చెప్పదగినది కాదు. ఎర్త్ టెస్టరను పరికరముతో కొలువవలెను.

కడపటి సొమ్ము చెల్లించుటకు ముందు

పలకలు బిగించిన నాడు పండుగవలె నుండును. ఆనాడు ఎవరును గుంతను చూడరు. కాన కడపటి సొమ్ము చెల్లించుటకును, పని పూర్తియైనదని సంతకము చేయుటకును ముందు బిగించినవారిని ఈ అయిదు ప్రశ్నలు అడుగుడు.

ఒకటి: మూత తీసి కడ్డీని, దానికి తీగ బిగించిన బిగింపును చూపుడు. రెండు: నా యెదుట నేల నిరోధము కొలిచి, ఆ అంకెను తేదీతో కాగితముపై వ్రాసి యిండు. మూడు: సర్జి పరికరములు రెండువైపుల ఎక్కడ నున్నవో చూపుడు. వానిలో అనేకమునకు చిన్న కిటికీ యుండును, అందు పచ్చరంగు కనబడినచో మేలు, ఎర్రబడినచో అది తన ప్రాణమిచ్చి ఇంటిని కాపాడినదని అర్థము, వెంటనే మార్పించవలెను. నాలుగు: పలకల చట్రములు, వాని ఇనుప నిలువులు అన్నియు ఎర్తు తీగతో కలిసినవా? అయిదు: మా యింటికి పిడుగు కడ్డీ అవసరమా, అవసరమైన ఎందులకు, కాకున్న ఎందులకు?

ఈ అయిదవ ప్రశ్నకు అందరి యిండ్లకు ఒకే జవాబు లేదు. ఇంటి యెత్తు, చోటు, చుట్టుప్రక్కల కట్టడములు చూచి భారత ప్రమాణముల ననుసరించి నిర్ణయింపవలెను. కాని మంచి ఎర్తింగు, సర్జి పరికరములు లేని ఇల్లు ఏదియు ఉండరాదు. పథకము క్రింద బిగించినవారు అయిదేండ్లు ఏర్పాటును నిర్వహింపవలసి యున్నారు. కావున ఏటేట వానలకు ముందు వచ్చి ఎర్తింగు కొలిచిపొమ్మని అడుగుట మీ హక్కు. ఐటిఐ చదివిన యువకులు ఊరికి నలుగురున్నారు. గ్రామ పంచాయతి యొక ఎర్త్ టెస్టరును తెప్పించి వారిచేత ఊరిలోని గుంతలన్నియు ఉగాది నాటికి కొలిపించినచో ఎంత బాగుండును!

భారత్ గృహ రక్ష యను ఇంటి బీమా 2021 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. అందు పిడుగు నష్టము చేరినది. సౌరఫలకములు కూడ ఇంటి కట్టడములో భాగముగ చెప్పబడినవి. పాలసీ తీసుకొనువారు పలకల విలువను ఇంటి విలువలో చేర్పించి, పత్రమును చదివించుకొని సంతకము చేయవలెను.

వస్తువు కంటె మనిషి ముఖ్యము

2022వ సంవత్సరమున మన దేశమున పిడుగుపాటు వలన 2,887 మంది మరణించిరని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. ఏ యేర్పాటైనను కప్పుక్రింద నున్నవారికే గాని కప్పుమీద నిలిచినవారికి రక్ష కాదు. మేఘము పట్టినపుడు ఆరవేసిన బట్టలకొరకు, మిరపకాయలకొరకు మేడ యెక్కరాదు. పలకలు కడుగుట ఉదయము వేళ, ఆకాశము నిర్మలముగ నున్నపుడు చేయవలెను. మెరుపు కనబడిన పిదప ఉరుము వినబడు వరకు లెక్కపెట్టుడు. మూడు సెకనులకు ఒక కిలోమీటరు దూరము. ముప్పది సెకనుల లోపల ఉరుము వినబడినచో పిడుగు మీ దరికి వచ్చినట్లే. కడపటి ఉరుము వినబడిన అరగంట వరకు ఇంటిలోనే యుండుడు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ రూపొందించిన 'దామిని' యను ఫోను యాప్ చుట్టుప్రక్కల పడు పిడుగులను గూర్చి హెచ్చరించును. పిడుగు కడ్డీ గుంతకు దాపున గొడ్లను కట్టరాదు. పిడుగు దిగినపుడు అచ్చటి నేలలో పారు విద్యుత్తు నాలుగు కాళ్ల జీవమును ముందుగ చంపును.

పిడుగు పడిన పిమ్మట పలక పగిలినచో, తీగ కాలినచో చేతితో ముట్టరాదు. ఊరిలో కరెంటు పోయినను ఎండ యున్నంతసేపు పలకలలో విద్యుత్తు పుట్టుచునే యుండును. ఆరేడు పలకలు వరుసగ కలిసినచో అది మూడువందల వోల్టుల వరకు ఉండవచ్చును. దగ్గర కేగుట క్షేమమైనచో మాత్రమే రెండువైపుల స్విచ్చులను ఆపి, బిగించినవారికిని, విద్యుత్ సంస్థ వారి 1912 నంబరునకును తెలుపుడు. మంట లేచినచో నీరు చల్లక, ఇల్లు విడిచి 101కు ఫోను చేయుడు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకొనిన మనకు కూడ విద్యుత్తు తగులునని భయపడి దూరముగ నిలుచువారిని చూచితిమి. ఆ భయము నిరాధారము. ఆ దేహములో విద్యుత్తు నిలిచి యుండదు. ఊపిరి, గుండె ఆగినచో వెంటనే ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగ, వేగముగ నొక్కుచు, 108కు ఫోను చేయించుడు. పోయెననుకొన్న ప్రాణము ఈ విధముగ మరల నిలువవచ్చును.

సోదరీ సోదరులారా! సౌరఫలకములకు వెరవవలసిన పని లేదు. వెరవవలసినది మూత క్రింది ఖాళీ గుంతకు. పిడుగును మనము ఆపలేము. అది పోవు దారిని మాత్రము ముందుగ వేసి యుంచగలము. అర్జునుని పేర్లు చెప్పు అవ్వను చెప్పనిండు. ఆ ధైర్యము ఆమెకు కావలెను. కాని నేటి సాయంకాలము ఇంటికి పోయిన వెంటనే, మేఘము లేని వేళ చూచి, పెరటిలోని ఆ మూతను ఒకమారు తీయించి చూడుడు. మేము కోరునది అంతే.